పేపర్లన్నీ మేమే చూసుకుంటాం మేడమ్

ఈ జనవరిలో సంక్రాంతి అయిపోగానే మా ఆయన, మా అత్తగారు, నేను సింగపూర్ నుంచి పెనాంగ్, ఫుకెట్ తిరిగొచ్చే నాలుగు రాత్రుల క్రూజ్‌కి వెళ్లొచ్చాం. ఓడ ఎంత బాగుందో, బఫేలో ఏమేం పెట్టారో చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను రాసేది కాగితాల సంగతి. ఆ కాగితాల పని మొత్తం తన నెత్తిన వేసుకుంటానని డబ్బు తీసుకున్న విశాఖ ట్రావెల్ ఏజెంటు సంగతి కూడా. అతని పేరు రాయను. కుర్రాడు మంచివాడే, పని మాత్రం సగమే వచ్చు.

నా ఉద్యోగం జీఎస్టీ రిటర్నులు వేయడం. గడి ఖాళీగా కనిపిస్తే నాకు నిద్ర పట్టదు. డిసెంబరు నెల రిటర్నులన్నీ (మా భాషలో 3బీలు) 17వ తేదీ సాయంత్రానికి పూర్తి చేసి, ఆ రాత్రే విశాఖలో విమానం ఎక్కాను. అలాంటి మనిషిని కూడా 'మీరేం టెన్షన్ పడకండి, పేపర్లన్నీ మేమే చూసుకుంటాం మేడమ్' అన్న ఒక్క మాటతో పడేశాడంటే అతని మాటకారితనాన్ని ఒప్పుకోవాలి.

ముందు బాగా చేసిన పని చెప్తాను. సింగపూర్ వీసా. అక్కడ మన తరఫున దరఖాస్తు పెట్టే చుట్టాలు లేకపోతే గుర్తింపు ఉన్న ఏజెంటు ద్వారానే వెళ్లాలి, మనంతట మనం వేసుకోవడం కుదరదు. ప్రభుత్వ ఫీజు 30 సింగపూర్ డాలర్లు, అంటే మన డబ్బుల్లో రెండు వేల పైచిలుకు. అతను మనిషికి 3,600 తీసుకున్నాడు, అది న్యాయమే. వీసా దరఖాస్తు ఫారం 14ఏ తనే నింపి సంతకాలకి ఇంటికి తెచ్చాడు. ఫొటో 35కి 45 మిల్లీమీటర్లు ఉండాలి, వెనక తెలుపు ఉండాలి, మూడు నెలల లోపు తీసినదై ఉండాలి. మా అత్తయ్యని స్టూడియో వాడు కంప్యూటర్‌లో తెల్లగా తోమేసి, నుదుటి ముడతలు కూడా తీసేసి ఇచ్చాడు. ఆవిడకి అది తెగ నచ్చింది. ఏజెంటు మాత్రం 'గేటు దగ్గర ఈ మొహం ఆవిడది కాదంటారు మేడమ్' అని మళ్లీ తీయించాడు. అక్కడ అతనికి పూర్తి మార్కులు.

ఇంకో మంచి పని, క్రూజ్ బుకింగ్ జత చేసి, ఎక్కువసార్లు ప్రవేశించే వీసా కావాలని ఉత్తరంలో ప్రత్యేకంగా రాశాడు. ఇది చాలామందికి తట్టదు. ఓడ సింగపూర్‌లోనే బయల్దేరి సింగపూర్‌కే వస్తుంది కదా అనుకుంటాం. కానీ ఓడ ఎక్కిన రోజు ఆ దేశం వదిలినట్టే, దిగిన రోజు మళ్లీ ప్రవేశించినట్టే. ఒక్కసారికే పనికొచ్చే వీసా ఉంటే విమానం దిగడంతోనే అది ఖర్చైపోతుంది. మా ముగ్గురికీ ఎక్కువసార్లకి పనికొచ్చేదే వచ్చింది.

మలేషియా మనవాళ్లకి 2023 డిసెంబరు 1 నుంచి ముప్పై రోజుల వరకు వీసా లేకుండా రానిస్తోంది, ఈ సడలింపు 2026 చివరి దాకా ఉంది. మేము వెళ్లినప్పుడు థాయిలాండ్‌కీ వీసా అక్కర్లేకపోయింది. అయితే వీసా లేకపోతే కాగితం లేనట్టు కాదు. ప్రతి దేశానికీ ఒక అరైవల్ కార్డు ఉంది, అంటే ఎప్పుడొస్తున్నామో, ఎక్కడుంటామో ముందే చెప్పే ఫారం, అన్నీ ఆన్‌లైన్‌లోనే. సింగపూర్‌ది ఎస్‌జీ అరైవల్ కార్డు, మలేషియాది ఎండీఏసీ, థాయిలాండ్‌ది టీడీఏసీ. చివరిది 2025 మే 1న వచ్చింది. మూడూ ఉచితం. మళ్లీ చెప్తున్నాను, మూడూ పూర్తిగా ఉచితం. ఈ ఉచితం పనికి మా ఏజెంటు మనిషికి 1,500 చొప్పున 4,500 తీసుకున్నాడు. రసీదులో 'డాక్యుమెంటేషన్' అని ఉంది. ఆ మాట కింద ఏమేం ఉన్నాయో అడగకుండా డబ్బు కట్టింది నేనే. క్లయింట్ల బిల్లుల్లో ఇలాంటి మాట కనిపిస్తే ఫోన్ చేసి నిలదీసేదాన్ని!

డబ్బు పోతే పోయింది, పనైనా సరిగ్గా జరిగిందా అంటే, అసలు కథ ఇక్కడే ఉంది.

ఈ కార్డులు ఎప్పుడు పడితే అప్పుడు నింపేవి కావు. ఆ దేశంలో అడుగుపెట్టే రోజుకి మూడు రోజుల ముందు నుంచే తీసుకుంటాయి. సింగపూర్ లెక్కలో అయితే దిగే రోజు కూడా ఆ మూడింటిలో ఒకటి. మేము సింగపూర్‌లో దిగేది 18 ఆదివారం, ఓడ బయల్దేరేది 19, పెనాంగ్ 20, ఫుకెట్ 21, ఒక రోజంతా సముద్రం, 23 శుక్రవారం పొద్దున తిరిగి సింగపూర్. ఏజెంటు 16వ తేదీ కూర్చుని అన్నీ ఒకేసారి కొట్టేశాడు. సింగపూర్ కార్డు సరిగ్గానే వచ్చింది. మలేషియా కార్డు పీడీఎఫ్ విమానంలో తెరిచి చూస్తే చేరే తేదీ 19 అని ఉంది. ఆ రోజు మేము మలేషియాలో ఉండం కదా! సింగపూర్‌లో దిగగానే వాట్సాప్‌లో అడిగితే 'ట్వంటీ తీసుకోలేదు మేడమ్, అందుకే నైంటీన్ పెట్టాను, ఏమీ కాదు' అని జవాబు. కంప్యూటర్ తీసుకోలేదని క్లయింటు బిల్లు తేదీ నేను మారిస్తే నా గతేమవుతుంది?

థాయిలాండ్ కార్డు అసలు నింపనే లేదు. 'అది ఓడవాళ్లే చూసుకుంటారు' అన్నాడు. ఓడవాళ్లు పంపిన మెయిల్‌లో మాత్రం ప్రయాణికులే నింపుకుని రావాలని స్పష్టంగా ఉంది. ఆ మెయిల్ వెళ్లింది ఎవరికి? బుకింగ్‌లో తన ఈమెయిల్ ఇచ్చుకున్న ఏజెంటుకే. అడిగాక అప్పుడు పంపాడు.

అలా సింగపూర్‌లో మా మొదటి సాయంత్రం హోటల్ గదిలోనే గడిచింది. మా ఆయన ఒక్కడే వెళ్లి లిటిల్ ఇండియాలో ఇడ్లీ కట్టించుకొచ్చాడు. నేను మంచం మీద పాస్‌పోర్టులు పరుచుకుని మలేషియా కార్డులు కొత్తగా నింపాను. ఎక్కడ బస చేస్తారు అన్న గడి దగ్గర అత్తయ్య పట్టుకుంది. 'ఏటమ్మా, రాత్రి మనం పడుకునేది సముద్రంలో కదా, ఆ అడ్రసు ఏటని రాస్తావు?' నాకూ అదే సందేహం. ఓడ పేరు, పెనాంగ్ రేవు పేరు స్వెటెన్‌హామ్ పియర్ అని రాశాను, చేరే తేదీ, వెళ్లే తేదీ రెండూ 20 పెట్టాను. తీసుకుంది. థాయిలాండ్ దానిలో వృత్తి అడుగుతుంది. గృహిణి అని కొట్టబోతుంటే ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపింది. 'పొలం నా పేరు మీదే ఉంది కదా, రైతని రాయి.' అలాగే రాశాను. గత రెండు వారాల్లో ఏయే దేశాల్లో ఉన్నారో కూడా అడుగుతుంది, అందులో ఇండియాతో పాటు సింగపూర్, మలేషియా కూడా పెట్టాను. ముగ్గురికీ కలిపి గంటంపావు పట్టింది. నిజానికి ఇవి కష్టమైన ఫారాలేం కావు. పాస్‌పోర్టు ఎదురుగా పెట్టుకుని చదువుతూ నింపితే పదో తరగతి పిల్లలైనా చేస్తారు. గూగుల్‌లో వెతికితే పైన వచ్చేవాటిలో కొన్ని డబ్బులు గుంజే ప్రైవేటు సైట్లు, అది ఒక్కటి చూసుకోవాలి. సింగపూర్‌కైతే అక్కడి ఇమిగ్రేషన్ శాఖ ఐసీఏ సైటు, లేదంటే వాళ్ల మైఐసీఏ యాప్.

ఇంతకంటే పెద్దది పేరు గొడవ. మన పాస్‌పోర్టులో ఇంటిపేరుకి ఒక గడి, పేరుకి ఒక గడి ఉంటాయి. మా అత్తయ్య పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీ. పేరు గడిలో 'అప్పలనర్సమ్మ' అని ఒకటే మాట. ఆధార్‌లో మాత్రం మెట్టినింటి పేరుతో సహా ఉంది. ఏజెంటు వీసాకి పాస్‌పోర్టు చూశాడు, ఓడ బుకింగ్‌కి ఆధార్ చూశాడు. 19న ఓడ ఎక్కడానికి వెళ్తే, సింగపూర్ రేవులోని మెరీనా బే క్రూజ్ సెంటర్ కౌంటర్‌లో అమ్మాయి పాస్‌పోర్టు ఒకసారి, తెర ఒకసారి చూసి, నవ్వుతూనే మమ్మల్ని పక్కకి నిలబెట్టింది. వెనక క్యూ కదిలిపోతోంది. మా ఆయన నా వైపు చూడటం మానేసి పైకప్పు చూస్తున్నాడు. ఇంటిపేరు అంటే మాకు ముందు వస్తుంది, అది ఆవిడ భర్త వంశం పేరు, పాస్‌పోర్టు తీసుకున్నప్పుడు రాయించలేదు అని నేను వచ్చిన ఇంగ్లీషులో చెప్తుంటే, ఆ అమ్మాయి సూపర్‌వైజరుని పిలిచింది. వీసాలో పేరు, పాస్‌పోర్టు నంబరు సరిపోయాయి కాబట్టి బుకింగ్‌లో సరిచేసి పంపించారు. ముప్పై అయిదు నిమిషాలు. అత్తయ్య ఆ సేపంతా నిబ్బరంగా కూర్చుని, చివర్లో 'నా పేరులో తప్పేముందే?' అంది. ఏం చెప్పను.

ఓడ ఎక్కేటప్పుడు మా ఓడలో పాస్‌పోర్టులు తీసుకుని రసీదు ఇచ్చారు, చివరి రోజు తిరిగి ఇస్తారట. ఇది ముందే తెలియాల్సిన విషయం, ఎందుకో కింద చెప్తాను. పెనాంగ్‌లో ఏ ఇబ్బందీ లేదు, ఫోన్‌లో కార్డు చూపించి రేవు నుంచి నడుచుకుంటూ క్వీన్ స్ట్రీట్‌లోని మహామారియమ్మన్ గుడికి వెళ్లాం. 1833 నాటి గుడి. అత్తయ్యకి ఈ ప్రయాణం మొత్తంలో నచ్చింది అదే.

ఆ రాత్రి భోజనాల దగ్గర మా బల్ల మీద కూర్చున్న చెన్నై దంపతులు 'రిటర్న్ కార్డు నింపారా?' అని అడిగారు. ఏ రిటర్న్? సింగపూర్‌కి మళ్లీ వెళ్తున్నాం కదా, మొదట దిగినప్పటి కార్డు అప్పటికే వాడేసింది, శుక్రవారానికి ఇంకోటి కావాలి. అంటే మూడు దేశాలకి నాలుగు కార్డులు. రెండుసార్లు ప్రవేశిస్తారని వీసా ఉత్తరంలో తనే రాసిన ఏజెంటుకి రెండో ప్రవేశానికి రెండో కార్డు కావాలని తట్టలేదు!

శుక్రవారం నుంచి వెనక్కి లెక్కేస్తే బుధవారమే మొదటి రోజు. గురువారం అంతా నడిసముద్రం, ఓడలో వైఫైకి రోజు లెక్కన డాలర్లు కట్టాలి. అందుకని బుధవారం ఫుకెట్‌లో పడవ మీద పటాంగ్ ఒడ్డుకి దిగగానే, జనం నీళ్లలోకి పరుగెడుతుంటే, నేను గొడుగు కింద కొబ్బరిబోండాం పక్కన పెట్టుకుని ఫోన్ రోమింగ్‌తో ఫారం తెరిచాను. మొదటి గడే పాస్‌పోర్టు నంబరు. పాస్‌పోర్టులు ఓడలో ఉన్నాయి. నా చేతిసంచిలో జెరాక్సులు ఉండబట్టి సరిపోయింది, అది వృత్తి వల్ల వచ్చిన అలవాటు. మాతో ఒడ్డుకి వచ్చిన ఒక పెద్దాయన దగ్గర అవి కూడా లేవు. ఆయన హైదరాబాద్‌లో ఉన్న కొడుక్కి ఫోన్ చేసి అల్మారా తెరిపించి నంబర్లు చెప్పించుకున్నాడు. వచ్చే మార్గం దగ్గర సముద్రం ఎంచుకుని, క్రూజ్ అని పెట్టి, ఓడ పేరు రాయాలి. విమానం అని కొడితే ఫ్లైట్ నంబరు అడుగుతుంది.

శుక్రవారం సింగపూర్ గేట్లలో మళ్లీ అంతా యంత్రాలే, మొహం, కళ్లు చూసి తలుపు తెరిచింది. ముద్రలు వేయరు, ఎన్ని రోజులు ఉండవచ్చో ఈమెయిల్‌కి వస్తుంది. అత్తయ్య పాస్‌పోర్టు అటూ ఇటూ తిప్పి చూసి, 'ఊళ్లో చూపించడానికి ఒక్క ముద్రైనా వెయ్యలేదు' అని నొచ్చుకుంది. ఇంటికొచ్చే దారిలో మాత్రం ఏ కార్డూ లేదు. మనవాళ్లకి మన దేశంలో దిగేటప్పుడు ఫారం నింపడం 2014లోనే తీసేశారు, వెళ్లేటప్పటిది 2017 జులైలో పోయింది.

ఏజెంటుకి వీసా పనికి అయిదుకి అయిదు ఇస్తాను. కార్డుల పనికి సున్నా. విశాఖ వచ్చాక ఆఫీసుకి వెళ్లి మాట్లాడితే 1,500 వెనక్కి ఇచ్చాడు, మిగతా మూడు వేలకి 'సర్వీసు చేశాం కదా మేడమ్' అన్నాడు. ఇంకోసారి వెళ్తే వీసా అతని చేతే చేయిస్తాను. ఈమెయిల్ మాత్రం నాదే ఇస్తాను, అన్ని బుకింగుల్లో పేర్లు పాస్‌పోర్టు చూసి నేనే అక్షరం అక్షరం పోల్చుకుంటాను, కార్డులు నేనే నింపుతాను.

మొన్న మళ్లీ ఫోన్ చేశాడు. దుబాయ్‌లో ఎక్కే క్రూజ్ ఒకటి ఉందట, రేటు తగ్గిందట, పేపర్లన్నీ వాళ్లే చూసుకుంటారట. పాస్‌పోర్టులో ఒకే పేరు ఉన్నవాళ్లని 2022 నవంబరు నుంచి యూఏఈ విజిట్ వీసా మీద రానివ్వడం లేదు కదా, మా అత్తయ్య సంగతేంటి అని అడిగాను. కనుక్కుని చెప్తానన్నాడు. పది రోజులైంది.