రాళ్లకు పూర్తి మార్కులు, గోళానికి సగమే

పన్నెండు రాళ్లు, గీసి చూడటానికి పింగాణీ బిళ్ల, భూతద్దం, లోపలి పొరలు కనిపించేలా కోసిన భూగోళం నమూనా, ఒక బుక్‌లెట్, గోడకు తగిలించే కాలపట్టిక. రాళ్ల గురించీ భూమి గురించీ నేర్చుకోవడానికి మా అమ్మాయి కోసం తెప్పించిన ఈ పెట్టెలో ఉన్నవి ఇవి. రాళ్ల కోసమైతే కళ్లు మూసుకుని కొనొచ్చు.

ముందు గ్రానైట్‌నీ బసాల్ట్‌నీ పక్కపక్కన పెట్టి చూడండి. రెండూ శిలాద్రవం చల్లారి గట్టిపడ్డవే. గ్రానైట్‌లో గులాబీ రంగు ఫెల్డ్‌స్పార్, గాజుముక్కల్లా పలుగు, నల్లగా మెరిసే అభ్రకం వేటికవి కంటికి కనిపిస్తాయి. బసాల్ట్‌లో భూతద్దం పెట్టినా రేణువులు విడిగా తెలియవు. రంగులో తేడా రసాయనం వల్ల: గ్రానైట్‌లో సిలికా ఎక్కువ, బసాల్ట్‌లో ఇనుము, మెగ్నీషియం ఎక్కువ. రేణువుల్లో తేడా మాత్రం చల్లారిన వేగం వల్ల. భూమి లోతుల్లో నిదానంగా చల్లారిన గ్రానైట్‌లో స్ఫటికాలు పెరగడానికి తీరిక దొరికింది. లావాగా పైకొచ్చిన బసాల్ట్ త్వరగా గడ్డకట్టింది. పుస్తకంలో ఎన్నిసార్లు చదివించినా ఎక్కనిది, ఈ రెండు రాళ్లూ చేతిలో పెట్టగానే మా అమ్మాయికి అర్థమైంది.

షేల్, పలకరాయి జత కూడా బాగా ఎంచారు. బురద పొరలు గట్టిపడితే షేల్, అది వేడికీ ఒత్తిడికీ లోనై మారితే పలకరాయి. చెంచాతో తట్టి చూడండి, పలకరాయి ఖంగుమంటుంది. సున్నపురాయి మీద వెనిగర్ చుక్క వేస్తే బుడగలు సన్నగా వస్తాయి. కాస్త గీకి, ఆ పొడి మీద వేస్తే బాగా పొంగుతుంది.

అసలు ఇబ్బంది నమూనాతోనే. మాంటిల్‌కి, అంటే భూమి పైపొరకీ కేంద్రకానికీ మధ్య ఉన్న పొరకి, మరుగుతున్న లావాలా రంగులేసి, పక్కన ‘కరిగిన శిలాద్రవం’ అని రాశారు. పిల్లల వస్తువులో ఇంత పెద్ద తప్పు ఉండకూడదు. మాంటిల్ దాదాపు అంతా గట్టి రాయే. భూకంపాల్లో పుట్టే ఎస్ తరంగాలు ద్రవంలో ప్రయాణించలేవు. అవి మాంటిల్ గుండా వెళ్లి, సుమారు 2,900 కిలోమీటర్ల లోతున బయటి కేంద్రకం దగ్గర ఆగిపోతాయి. ద్రవం ఉన్నది అక్కడ. మాంటిల్ గట్టిగా ఉంటూనే ఏడాదికి కొన్ని సెంటీమీటర్ల చొప్పున కదులుతుంది. ఆ ద్రవం లోపల మరో కేంద్రకం ఉందని 1936లో డెన్మార్క్ భూకంప శాస్త్రవేత్త ఇంగె లేమన్ భూకంప తరంగాలను బట్టే చెప్పారు. బుక్‌లెట్‌లో ఆమె పేరు ఉండటం నాకు చాలా నచ్చింది.

భూమి పైపొర అయిన భూపటలాన్నీ వేలెడు మందాన చేశారు. భూమి వ్యాసార్థం 6,371 కిలోమీటర్లు. దాన్ని 10 సెంటీమీటర్లకు కుదిస్తే, ఖండాల కింద 40 కిలోమీటర్ల పటలం 0.6 మిల్లీమీటర్లే. కనిపించాలని లావుగా చేసి ఉంటారు, కానీ ఆ మాట ఎక్కడో ఒకచోట రాయాలి కదా.

కాలపట్టికలో సగం డైనోసార్లకే పోయింది. దాన్ని తీసేసి, 4.54 మీటర్ల కాగితం చుట్ట గోడకు అంటించాం. భూమి వయసు సుమారు 454 కోట్ల ఏళ్లు, కాబట్టి మిల్లీమీటరుకు 10 లక్షల ఏళ్లు. రకరకాల జంతువులు విరివిగా కనిపించడం మొదలైన కేంబ్రియన్ యుగం చివరికి 54 సెంటీమీటర్ల ముందు మొదలవుతుంది. పక్షులుగా మిగిలినవి తప్ప డైనోసార్లు అంతరించింది చివరికి 6.6 సెంటీమీటర్ల ముందు. కేంబ్రియన్‌కి ముందున్న నాలుగు మీటర్ల గురించి బుక్‌లెట్‌లో ఉన్నది ఒక్క పేరా. మళ్లీ అచ్చు వేసేటప్పుడు ముందు అది పెంచాలి.