ఎలిజబెత్ రండిల్ చార్లెస్: నవల ముందా, కీర్తనల చరిత్ర ముందా?

ఎలిజబెత్ రండిల్ చార్లెస్ (1828–1896) ఇంగ్లండ్‌లోని డెవన్‌లో పుట్టిన రచయిత్రి. ఆమె పుస్తకాల్లో రెండిటిని పక్కపక్కన పెట్టి, ఏది ముందు చదవాలో చూద్దాం.

మొదటిది, 'షోన్‌బెర్గ్-కోటా కుటుంబ వృత్తాంతం'. 1860ల మొదట్లో వచ్చిన నవల. క్యాథలిక్ చర్చిని ఎదిరించి ప్రొటెస్టెంట్ శాఖకు దారితీసిన మార్టిన్ లూథర్ కాలపు జర్మనీని ఒక ఇంటివాళ్ళ డైరీల్లో చూపిస్తుంది. తండ్రి అచ్చుయంత్రం పెట్టుకుని, ఏవేవో కొత్తవి కనిపెట్టాలని తిప్పలు పడుతుంటాడు. ఇంట్లో మాత్రం డబ్బుకు కటకట. పెద్దకూతురు ఎల్సె ఆ ఇబ్బందుల గురించి రాస్తుంటే మన పక్కింటి కబుర్లలాగే ఉంటాయి. అన్న ఫ్రిట్జ్ సన్యాసంలో చేరతాడు. మతసంస్కరణ (లూథర్ మొదలుపెట్టిన ఉద్యమం) అనే పెద్ద మాట వంటింట్లోకి ఎలా వచ్చిందో తెలుస్తుంది. తమాషా ఏమిటంటే, పుస్తకం మీద ఆమె పేరే లేదు, 'ఆ కుటుంబంలోని ఇద్దరు' రాశారని వేశారు!

రెండోది 1850ల చివర్లో వచ్చిన క్రైస్తవ కీర్తనల చరిత్ర. ఆంబ్రోస్, బెర్నార్డ్, లూథర్ లాంటి కీర్తనకారులు వరుసగా వస్తారు, పాటలకు ఆమె చేసిన అనువాదాలతో సహా. సమాచారం ఎక్కువే, కానీ ఏకబిగిన చదవడం కష్టం.

నన్నడిగితే నవలే ముందు. కాకపోతే అందులో క్యాథలిక్ మఠాలను చూసే చూపు పూర్తిగా ప్రొటెస్టెంట్‌ది. కీర్తనల పుస్తకంలో ఆమె మనసు ఇంకాస్త విశాలం.