అడవి రేసుకు ఏ సైకిలు మేలు: హార్డ్‌టెయిలా, ఫుల్ సస్పెన్షనా?

తిరుపతిలో రోడ్డు సైకిలు తొక్కితొక్కి కొండదారుల మీద మనసు పడ్డ కుర్రాళ్ళు ఈమధ్య ఒకటే ప్రశ్న వేస్తున్నారు. "అన్నా, దక్షిణాఫ్రికాలో వన్యప్రాణుల రిజర్వులో జరిగే రేసుకు ఒక్కసారైనా పోవాలని ఉంది. హార్డ్‌టెయిల్ సరిపోతుందా, ఫుల్ సస్పెన్షనే కొనాలా?"

హార్డ్‌టెయిల్ అంటే ముందు ఫోర్కులో మాత్రమే కుదుపు మింగే షాక్ ఉన్న కొండ సైకిలు (మౌంటెన్ బైక్, ఎంటీబీ). ఫుల్ సస్పెన్షన్ అంటే అది ముందూ వెనకా రెండు చోట్లా ఉన్నది. నా జవాబు ముందే చెప్పేస్తాను. ఒక్కరోజు రేసయితే హార్డ్‌టెయిల్. రోజుకో భాగంగా వారం రోజులు సాగే స్టేజ్ రేసయితే ఫుల్ సస్పెన్షన్, అదీ దాన్ని మీ చేత్తో మీరే విప్పి బిగించుకోగలిగితేనే. ఎందుకో వివరంగా చెప్తాను.

ఊరి పక్కన చైను తెగితే ఎవరో ఒకరు బండి మీద వచ్చి ఎక్కించుకుపోతారు. రిజర్వులో ఆ వీలుండదు. సహాయక బండ్లు తమకు చూపించిన దారి దాటి రాకూడదు. స్నేహితుడు చెట్టు కింద నిలబడి స్పేర్ చక్రం అందించడం కుదరదు. సైకిలు తోసుకుంటూ నింపాదిగా నడుద్దామన్నా చుట్టూ ఉన్నది జంతువుల ఇలాకా. కటాఫ్ టైములు (ఫలానా చోటికి చేరుకోవాల్సిన గడువులు) అంత గట్టిగా పెట్టేదీ అందుకే. చీకటి పడేలోపు చివరి మనిషిని కూడా లెక్క చూసుకుని బయటికి తీసుకురావాలి. అందుకే సైకిలు ఎంచుకునేటప్పుడు నేను మొదట చూసేది ఇదే: అడవి మధ్యలో ఇది మొరాయిస్తే నేనొక్కడినే దీన్ని మళ్ళీ కదిలించగలనా?

ఆ లెక్కన హార్డ్‌టెయిల్‌కు మొదటి మార్కు పడుతుంది. వెనకాల షాక్ ఉండదు, కీళ్ళుండవు. ముందు ఫోర్కు, గట్టి ఫ్రేము, అంతే. చెడిపోవడానికే తక్కువ వస్తువులు. అదే స్థాయి పార్టులున్న ఫుల్ సస్పెన్షన్‌తో పోలిస్తే తేలిక, ధరా బాగా తక్కువ. రిజర్వుల్లో చాలా దూరం జీపులు తిరిగే మట్టిదారులే ఉంటాయి. అలాంటి చోట కాలి బలమంతా చక్రానికే పోతుంది. మిగిలిన డబ్బును టైర్లకూ బ్రేకులకూ పెట్టుకోవచ్చు.

దాని లోటు నడుముకు తెలుస్తుంది. మొదటి రెండు గంటలు బాగానే ఉంటుంది. నాలుగో గంట దాటాక ప్రతి రాయీ సీటు మీదుగా వెన్నులోకి వస్తుంది. దిగుడులో కూర్చుని దిగడం కుదరదు, పెడళ్ళ మీద నిలబడే ఉండాలి. తొడలు అలసిపోయాక మనిషి దారిని సరిగ్గా ఎంచుకోలేడు. పడేది అప్పుడే.

ఫుల్ సస్పెన్షన్ గొప్పతనం దిగుడులోనే అనుకుంటారు చాలామంది. నాకు అది ఎక్కువ నచ్చేది ఎక్కుడులో. రాళ్ళు కదిలే చోట వెనక చక్రం ఎగరకుండా నేలను పట్టుకునే ఉంటుంది. సీటు మీద కూర్చునే తొక్కుతూ పోవచ్చు. ఒలింపిక్స్‌లో క్రాస్‌కంట్రీ ఎంటీబీ 1996 అట్లాంటాలో మొదలైంది. 2012 లండన్‌లో చెక్ రైడర్ యారొస్లావ్ కుల్హావీ ఫుల్ సస్పెన్షన్ మీద బంగారం గెలిస్తే, హార్డ్‌టెయిల్ మీద వచ్చిన స్విస్ రైడర్ నీనో షుర్టర్ రెండో స్థానంలో నిలిచాడు. 2016 రియోకి షుర్టర్ కూడా ఫుల్ సస్పెన్షన్‌కు మారి బంగారం తెచ్చుకున్నాడు. వేగం సంగతి అక్కడే తేలిపోయింది. కానీ వాళ్ళ రేసు గంటన్నర అటూ ఇటూ, అదీ చిన్న సర్క్యూట్‌లో. మెకానిక్కులు పక్కనే ఉంటారు. అడవిలో మన పక్కన ఎవరున్నారు?

వెనక షాక్‌లో గాలి దిగిపోతే ఏమవుతుందో ఒకసారి ఊహించుకోండి. సైకిలు వెనకభాగం కుంగిపోతుంది. పెడళ్ళు రాళ్ళకు కొట్టుకుంటాయి, ముందు చక్రం ఎక్కుడులో తేలిపోతుంది. షాక్ పంపు జేబులో ఉంటే మళ్ళీ గాలి కొట్టుకుని కొంతదూరం నెట్టుకురావచ్చు. సీలు పోతే మాత్రం అక్కడ చేసేదేమీ లేదు. చాలా షాకుల లోపల ఒక గదిలో నైట్రోజన్ నింపి ఉంటుంది, అది ఇంట్లో విప్పే పని కాదు. మన వైపు నుంచి అలాంటి సర్వీసుకు బెంగళూరుకో చెన్నైకో మోసుకుపోవాలి. కీళ్ళ బేరింగుల్లో దుమ్ము చేరితే కిర్రుకిర్రుమంటాయి, వాటినీ మార్చుకుంటూ ఉండాలి. ఈ చాకిరీ ఇష్టంగా చేసేవాళ్ళకే ఆ సైకిలు.

దక్షిణాఫ్రికాలో జరిగే కేప్ ఎపిక్ లాంటి స్టేజ్ రేసుకు లెక్క మారుతుంది. 2004లో మొదలైన ఆ రేసు ఎనిమిది రోజులు సాగుతుంది. ఇద్దరు జట్టుగా తొక్కాలి, ఇద్దరి మధ్య దూరం 2 నిమిషాలు మించకూడదు. ఈరోజు నడుం పట్టేస్తే రేపు పొద్దున నష్టపోయేది జతగాడు కూడా. అక్కడ ఫుల్ సస్పెన్షన్‌కు పెట్టే ఖర్చు దండగ కాదు.

ఇంతకీ రెండు సైకిళ్ళనూ ఒకేలా ఆపేసేది టైరు. ట్యూబా, ట్యూబ్‌లెస్సా అన్నదాంట్లో నాకు రెండో ఆలోచనే లేదు: ట్యూబ్‌లెస్. చిత్తూరు జిల్లా పొలాల గట్ల మీద తొక్కినవాళ్ళకు సర్కారు తుమ్మ ముల్లు సంగతి చెప్పక్కర్లేదు. మనల్ని ఏడిపించే పల్లేరు కాయ ఆఫ్రికా నేలమీదా ఉంది. ట్యూబ్ వేసుకుంటే ముల్లుకో పంచరు. ట్యూబ్‌లెస్‌లో ముల్లు పీకగానే టైరు లోపల పోసిన తెల్లటి సీలెంట్ (చిల్లు మూసే ద్రవం) బుడగలు కక్కుతుంది. చిల్లు కిందికి వచ్చేలా చక్రం తిప్పి పట్టుకుంటే కాసేపట్లో గాలి ఆగుతుంది. చిల్లు పెద్దదైతే ప్లగ్ (చిల్లు మూసే రబ్బరు ముక్క) గుచ్చాలి. మన ఎండలకు సీలెంట్ లోపలే ఎండిపోతుంది, అందుకే రేసుకు ముందు కొత్తది పోసుకోవాలి. అయినా ఒక ట్యూబు వెంట ఉండాల్సిందే, సైడ్‌వాల్ (టైరు పక్కగోడ) చీలితే గతి అదే. చీలిక దగ్గర లోపలివైపు ఖాళీ టూత్‌పేస్టు ట్యూబు ముక్క పెట్టి, తర్వాత ట్యూబు ఎక్కిస్తే ఫినిష్ లైను దాకా లాగొచ్చు.

సైడ్‌వాల్ అని ఎందుకు అంత నొక్కి చెప్తున్నానంటే, రాయిని బట్టి టైరు కొనాలి. తిరుమల ఘాట్ రోడ్డు పక్కన కొండను కోసిన చోట చూడండి: కింద గ్రానైటు, దాని మీద పలకలు పలకలుగా క్వార్ట్‌జైటు. క్వార్ట్‌జైటు పగిలితే అంచు పదును. కేప్ ఎపిక్ జరిగే కేప్ కొండల రాయి కూడా ఆ కుటుంబమే. అక్కడికి పోయేవాళ్ళు పలచటి రేసింగ్ టైరు జోలికి పోకుండా, సైడ్‌వాల్ దిట్టంగా ఉన్న 2.3, 2.4 అంగుళాల వెడల్పు టైరు వేసుకోవాలి. మదనపల్లె, పలమనేరు వైపు గ్రానైటు బండ నున్నగానే ఉంటుంది కానీ, దాని మీద గరుసు ఇసుక పరుచుకుని ముందు చక్రాన్ని జారుస్తుంది. అక్కడ టైరు గుబ్బలు చూసుకోవాలి.

ప్రాక్టీసుకు శేషాచలం అడవిలో దూరుదామనుకునేవాళ్ళకు గట్టిగా చెప్తున్నాను: వద్దు. శ్రీ వేంకటేశ్వర నేషనల్ పార్కు 1989లో ఏర్పడింది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అనుమతి లేకుండా లోపలికి పోవడం నేరం. పైగా ఎర్రచందనం దొంగల కోసం నిఘా ఉండే అడవి అది. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుత ఒక పసిపిల్లను పొట్టన పెట్టుకుంది, అంత జనం తిరిగే చోట. పలమనేరు, కుప్పం వైపు కౌండిన్య అభయారణ్యం అంచున ఏనుగుల గుంపులు పొలాల్లోకి దిగుతుంటాయి. తెల్లవారుజామున, మసక చీకట్లో ఆ దారుల్లో సైకిలు తొక్కడం మనకూ వాటికీ మంచిది కాదు. ఎక్కుడు కావాలంటే హార్సిలీ హిల్స్ రోడ్డుంది, ఇసుక కావాలంటే చంద్రగిరి దగ్గర స్వర్ణముఖి ఎండిన పాయ ఉంది, గతుకులకు చిత్తూరు చుట్టూ మామిడి తోటల మధ్య బండ్ల బాటలున్నాయి. వీటిలో కావలసినంత కష్టం దొరుకుతుంది.

జంతువుల విషయంలో రెండు సైకిళ్ళూ ఒకటే. 2011లో దక్షిణాఫ్రికాలో ఆల్బర్ట్ ఫాల్స్ దగ్గర జరిగిన ఒక రేసులో, గడ్డిమైదానం మీదుగా దూసుకొచ్చిన ఎర్ర హార్టెబీస్ట్ అనే జింకలాంటి పెద్ద జంతువు ఒక రైడర్‌ను పక్కనుంచి గుద్ది కింద పడేసింది. వెనక వస్తున్న సహచరుడి కెమెరాలో అది రికార్డయి ప్రపంచమంతా చూసింది. అతని తలను కాపాడింది హెల్మెట్. కాబట్టి సైకిలు బడ్జెట్ వేసుకునేటప్పుడు మంచి హెల్మెట్ డబ్బు ముందే పక్కన పెట్టండి. ఆ తర్వాత టైర్లు, బ్రేకులు, ఒక స్పేర్ డీరైలర్ హ్యాంగర్ (గేర్లు మార్చే డీరైలర్‌ను ఫ్రేముకు పట్టి ఉంచే ముక్క). మిగిలిన దాంట్లో ఫుల్ సస్పెన్షన్ వస్తుందో రాదో అప్పుడు చూసుకోవచ్చు.