సవన్నా ఎస్: చేతులతో కట్టుకునే ఇటలీ విమానం పాలమూరు ఎండకు తట్టుకుంటుందా?

ఇటలీలోని పీడ్‌మాంట్ ప్రాంతంలో ఉన్న ఐసీపీ సంస్థ తయారుచేసే సవన్నా ఎస్, ఇద్దరు పక్కపక్కన కూర్చునే తేలికపాటి విమానం. దీని రెక్క తలపైన ఉంటుంది, ఒడలంతా అల్యూమినియమే, కొన్నవారు స్వయంగా బిగించుకునేలా కిట్‌గానూ వస్తుంది. ఆస్ట్రేలియాలో స్థిరపడిన మా బావ తన షెడ్డులో దీన్ని కట్టుకుంటున్నప్పుడు నేనూ ఆయనతో కలిసి పనిచేశాను, పూర్తయ్యాక పక్క సీటులో కూర్చుని ఎగిరాను. నల్లగొండకు తిరిగి వచ్చినప్పటి నుంచి ఇక్కడి మిత్రులు, ముఖ్యంగా మహబూబ్‌నగర్ వైపు సొంత చెలకను చదును చేసి విమానం దింపుకోవాలని ఆశపడుతున్నవారు, దీని గురించి అడుగుతూనే ఉన్నారు.

కిట్ నాణ్యతపై నాకు సందేహమేమీ లేదు. రేకులకు రంధ్రాలు ముందే వేసి వస్తాయి కాబట్టి కొలతల బాధ చాలావరకు తప్పుతుంది. రేకులను ఒకదానిపై ఒకటి పెట్టి, తాత్కాలికంగా క్లికోలతో (రంధ్రాల్లో గుచ్చి తీసేసే స్ప్రింగు పిన్నులు) పట్టి ఉంచి, ఆ తర్వాత పాప్ రివెట్లు వేయాలి. గన్ను నొక్కగానే మేకు టక్కున తెగి రేకు బిగిసిపోతుంది గానీ, అసలు పని అంతకుముందే జరగాలి. ప్రతి రంధ్రం అంచున మిగిలిన గరుకును గీకి, రేకుల మధ్య చేరిన రజను తుడిచి, రెండూ సందు లేకుండా అతుక్కున్నాయో లేదో వేలితో తడిమి చూసుకోవాలి. ఆ ఓపిక చూపకపోతే రివెట్ పక్కన రేకు ఉబ్బుతుంది, దాన్ని డ్రిల్లుతో తీసి మళ్లీ వేయక తప్పదు. రేకు పని తెలిసిన మన మిర్యాలగూడ మెకానిక్కులకు ఈ చేతిపని కష్టం కాదని గట్టిగా నమ్ముతున్నాను.

తొలి సవన్నాలకు రెక్క ముందంచున స్లాట్లు (గాలి దూరే సందు వదిలి బిగించిన సన్నని పట్టీలు) ఉండేవి. తర్వాత వచ్చిన వీజీ రకంలో వాటిని తొలగించి, రెక్క పైన వరుసగా చిన్న చిన్న పలకలు అంటించారు, ఎస్ రకంలోనూ అదే పద్ధతి కొనసాగింది. గాలి ప్రవాహం రెక్కను విడిచిపోకుండా ఆ పలకలు ఆలస్యం చేస్తాయి. ఫ్లాపులు (రెక్క వెనకంచున కిందికి వంగే పలకలు) దించి వేగం బాగా తగ్గించినప్పుడు కూడా రెక్క ఒక పక్కకు విరుచుకుపడకుండా విమానం నెమ్మదిగా కిందికి దిగడం నేను స్వయంగా గమనించాను. పొట్టి రన్‌వేపై దిగడానికి ఇది అమూల్యమైన గుణం. వేగమే కావాలనుకునేవారు మాత్రం మరో విమానం చూసుకోవాలి.

ఇక మన ఎండ సంగతి. సముద్రమట్టానికి సుమారు 500 మీటర్ల ఎత్తున ఉన్న మహబూబ్‌నగర్‌లో ఉష్ణోగ్రత 42 డిగ్రీలకు చేరితే, పలచబడిన గాలి వల్ల విమానానికి అది దాదాపు 1,600 మీటర్ల ఎత్తున్న చోటుతో సమానమవుతుంది. ఇంజిన్ ఆరో వంతు శక్తిని కోల్పోతుంది, రెక్కకు అందే ఊతమూ తగ్గుతుంది, కంపెనీ పత్రంలో రాసిన పరుగు దూరం సరిపోదు. అందుచేత 80 హార్స్‌పవర్ రోటాక్స్ 912 ఇంజిన్ కంటే 100 హార్స్‌పవర్ 912 యూఎల్‌ఎస్‌నే ఎంచుకోవాలని, రోహిణి కార్తెలో తెల్లవారుజామున తప్ప ఎగరకూడదని నా అభిప్రాయం.

బరువు లెక్క మరింత కఠినం. మన దేశంలో మైక్రోలైట్‌కు, అంటే ఇలాంటి అతి తేలిక విమానానికి, మొత్తం బరువు 450 కిలోలు మించకూడదు. పరికరాలతో కలిపి ఖాళీ విమానం 290 కిలోలు తూగిందనుకుంటే, 70 కిలోల మనుషులిద్దరు ఎక్కాక ఇంధనానికి మిగిలేది 20 కిలోలే, అంటే దాదాపు 27 లీటర్లు. అది గంటన్నర ప్రయాణానికి మాత్రమే సరిపోతుంది, అందులోనూ కొంత అత్యవసరానికి దాచుకోవాలి. పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ దగ్గర నమోదు, అనుమతులు, పైలట్ లైసెన్సు వంటి పనులు దీనికి అదనం.

అన్నిటికంటే నన్ను ఎక్కువగా ఆందోళన పెడుతున్నది పెట్రోలు. రోటాక్స్ సంస్థ ఈ ఇంజిన్లకు 10 శాతం వరకే ఇథనాల్‌ను అనుమతిస్తుంది, మన బంకుల్లో ఇప్పుడు దొరికేది 20 శాతం కలిపినది. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది, దానికి తట్టుకోని రబ్బరు గొట్టాలను పాడుచేస్తుంది. ఆవ్‌గ్యాస్ (విమానాల పెట్రోలు) వాడవచ్చు గానీ, అందులోని సీసం ఆయిల్‌లో పేరుకుంటుంది కాబట్టి ఆయిల్‌ను త్వరత్వరగా మార్చాలి, పైగా ఆ ఇంధనం జిల్లాల్లో సులభంగా దొరికేది కాదు. దాన్ని క్రమం తప్పకుండా తెప్పించుకుని, భద్రంగా నిల్వ చేసుకునే ఏర్పాటు కుదిరేదాకా కిట్‌కు ఆర్డరు పెట్టవద్దని నన్ను అడిగినవారందరికీ చెబుతున్నాను.