హోబర్న్‌లోని ప్రిన్సెస్ లూయిజ్: అయిదుకు నాలుగున్నర

లండన్‌లోని పాత పబ్బులకు మార్కులు వేసేవారు సాధారణంగా ముందు వయసునే చూస్తారు. ఆ లెక్కన నగరంలోని సదర్క్ ప్రాంతంలో ఉన్న జార్జ్ ఇన్ అనే పబ్బుకు పెద్దపీట వేయవలసిందే. 1676 నాటి అగ్నిప్రమాదం తరువాత తిరిగి కట్టిన ఆ మజిలీ సత్రం, చెక్క వరండాలతో ఆ నగరంలో మిగిలిన ఏకైక కట్టడం. రైల్వే కంపెనీ మిగతా భాగాలను కూల్చివేయగా మిగిలిన ఒక్క పార్శ్వాన్ని 1937 నుంచి వారసత్వ కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ సంస్థ చూసుకుంటోంది. ముంగిట నిలబడి చూడడానికి దానికి సాటి లేదు. అయితే పబ్బు లోపల కూర్చోవడానికి ఉన్నది కనుక, నేను గదులను బట్టే మార్కులు వేస్తాను. ఆ కొలతతో హై హోబర్న్ వీధిలోని ప్రిన్సెస్ లూయిజ్‌ను జార్జ్ కంటే ఒక మెట్టు పైన ఉంచుతాను.

విక్టోరియా రాణి నాలుగవ కుమార్తె పేరు పెట్టుకున్న ఈ పబ్బు బయటినుంచి చూస్తే ప్రత్యేకంగా ఏమీ కనిపించదు. లోపలికి వెళితే 1891 నాటి రంగురంగుల పలకలు, పూల నగిషీ అద్దాలు, చెక్కడపు పని గోడల నిండా ఉంటాయి. అసలు విశేషం నడుమనున్న కౌంటరు చుట్టూ నిలిపిన చెక్క, గాజు తడికలు. ఆ కాలంలో కూలివారు, గుమాస్తాలు, దొరలు ఒకే కప్పు కింద తాగుతూ కూడా ఒకరి కంట ఒకరు పడకుండా ఉండడానికి ఇలాంటి అరలు కట్టేవారు. ఇరవయ్యో శతాబ్దంలో చాలాచోట్ల వాటిని తీసివేసి ఒకే హాలుగా మార్చారు. ఇక్కడ మాత్రం 2007 ప్రాంతంలో తిరిగి నెలకొల్పారు. వర్గభేదం కోసం పుట్టిన ఏర్పాటు నేడు నలుగురు మిత్రులు నెమ్మదిగా మాట్లాడుకోవడానికి ఉపకరిస్తోంది. పాటలూ టీవీ లేవు. పురుషుల మరుగుదొడ్డిలోని పాలరాతి పని కూడా పేరుపొందినదే కాని, పాపం, సగంమంది అతిథులకు దానిని చూసే భాగ్యం లేదు.

టేబుల్ దగ్గరికి వచ్చి ఆర్డరు తీసుకునే పద్ధతి లేదు. కౌంటరు దగ్గరే చెప్పి, అక్కడే డబ్బు చెల్లించాలి. ఈ పబ్బు యజమాని అయిన శామ్యూల్ స్మిత్ సంస్థవారి ‘ఓల్డ్ బ్రూవరీ బిట్టర్’ అనే బీరును చేతిపంపుతో తోడుతారు; అది పీపాలోనే రెండవసారి పులుస్తుంది. దానిని ఐస్ మీద కాక, సుమారు 12 డిగ్రీల నేలమాళిగ చల్లదనంలో ఉంచుతారు. గడ్డకట్టేంత చల్లని లాగర్ రకం బీరుకు అలవాటుపడిన మనవారు దీనిని ‘వేడి బీరు’ అని తోసిపుచ్చడం అన్యాయం. పైంటు అంటే 568 మిల్లీలీటర్లు కనుక, రుచి తెలియనివారు సగం పైంటుతో మొదలుపెట్టడం మేలు. శాకాహారులు మాత్రం ఒకటి గమనించాలి: ఈ బిట్టర్‌ను తేర్చడానికి చేపల గాలితిత్తి నుంచి తీసిన ఐసింగ్‌లాస్ వాడతారు. ఇదే సంస్థవారి లాగర్లు, స్టౌట్లకు (ముదురు రంగు బీర్లకు) ఆ ఇబ్బంది లేదు.

అర మార్కు తగ్గించడానికి కారణం ఎంపిక లేకపోవడమే. శామ్యూల్ స్మిత్ ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్‌కు చెందిన బీరు తయారీ సంస్థ. ఇక్కడ వారి సొంత సరుకు తప్ప ఇతరుల బీరు దొరకదు. వేర్వేరు బ్రూవరీల ఏల్ (బిట్టర్ వంటి సంప్రదాయ బీరు) రుచి చూడాలనుకునేవారు మరోచోటికి వెళ్లాలి. మిగిలినవారు ఆఫీసులు వదలకముందే, మధ్యాహ్నం మూడింటి వేళ వెళితే అరలో చోటు దొరికే అవకాశం ఎక్కువ.