ఇంటికొచ్చి ‘నిద్రపుచ్చుతాం’ అనేవాళ్లతో జాగ్రత్త

హైదరాబాద్‌లో ముసలి కుక్క గానీ, జబ్బుపడ్డ పిల్లి గానీ ఇంట్లో ఉన్నవాళ్లు ఒకసారి ఇది చదవండి. ‘ఇంటికే వచ్చి నొప్పి లేకుండా నిద్రపుచ్చుతాం’ (అంటే ఇక కోలుకోని జంతువుకు ఇంజెక్షన్‌తో ప్రాణం పోనివ్వడం) అని ఆన్‌లైన్‌లో ప్రకటన ఇచ్చే ఒక సర్వీసుకు మేం అడ్వాన్స్ కట్టాం. తీరా వచ్చినవాడు డాక్టరే కాదు.

మా బ్రౌనీ లాబ్రడార్, పదమూడేళ్లు. కిడ్నీలు పాడైపోయాయి. సెలైన్ పెట్టించిన రోజు కాస్త లేచి తిరిగేది, మర్నాటికి మళ్లీ మామూలే. ప్రాణం పెట్టే పెరుగన్నం కూడా వాసన చూసి మొహం తిప్పేసుకునేది. ఇంకో వారం చూద్దామని అమ్మ, దాన్ని ఇంకా ఏం బాధపెడతామని నేను. ఇంట్లో రోజూ ఇదే టెన్షన్. ఆ సర్వీసుకు ఫోన్ చేస్తే అవతలి మనిషి అడిగినవి రెండే: బరువెంత, లొకేషన్ ఎక్కడ. జబ్బేంటో అడగలేదు, రిపోర్టులు పంపమనలేదు. “ఈ సాయంత్రం స్లాట్ ఉంది సార్, లేదంటే సోమవారమే. మూడు వేలు పంపితే కన్ఫర్మ్ చేస్తా” అన్నాడు. గ్యాస్ బుకింగ్‌కైనా ఇంతకంటే ఎక్కువ ప్రశ్నలడుగుతారు.

వచ్చిన కుర్రాడి దగ్గర స్టెతస్కోప్ లేదు. క్యారీబ్యాగులోంచి లేబుల్ చింపేసిన సీసా తీసి, సిరంజిలోకి మందు లాగుతూ “కాళ్లు గట్టిగా పట్టుకోండి” అన్నాడు. ముందు మత్తు ఇవ్వరా అంటే “ఇందులోనే అన్నీ కలిసుంటాయి” అట! మందు పేరు చెప్పడు. రిజిస్ట్రేషన్ నంబరు అడిగితే “డాక్టరు గారు ఫోన్‌లో ఉంటారు” అన్నాడు. అమ్మ వెళ్లి బ్రౌనీకి అడ్డంగా కూర్చుంది. అతన్ని అక్కడినుంచే పంపించేశాం.

తర్వాత మా పాత డాక్టరు గారే ఇంటికొచ్చారు. ముందు కండకు మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, అది పూర్తిగా పడుకునేదాకా ఆగారు. ముందుకాలి మీద బొచ్చు గొరిగి, నరంలోకి సన్నటి గొట్టం (క్యాన్యులా) పెట్టి, ఆ తర్వాతే మత్తుమందు పెద్ద మోతాదులో నరానికి ఎక్కించారు. స్టెతస్కోప్‌తో చాలాసేపు విని, గుండె ఆగిపోయిందని అప్పుడు చెప్పారు. కళ్లు మూతపడవని, ప్రాణం పోయాక కూడా ఒకటి రెండుసార్లు ఊపిరి తీసినట్టు కదలొచ్చని, మూత్రం పోవచ్చని ముందే చెప్పబట్టి మేం కంగారుపడలేదు. మత్తు ఇవ్వకుండా గుండెను ఆపే పొటాషియం క్లోరైడ్, మెగ్నీషియం సల్ఫేట్ లాంటివి ఎక్కిస్తే మాత్రం జంతువు స్పృహలో ఉండగానే నరకం చూస్తుంది. ఆ సీసాలో ఏముందో నాకు తెలీదు, తల్చుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం ప్రకారం రిజిస్టరైన వెటర్నరీ డాక్టర్లే వైద్యం చేయాలి. కాంపౌండర్లకు, అసిస్టెంట్లకు డాక్టరు పర్యవేక్షణలో చిన్నచిన్న పనుల వరకే అనుమతి. కాబట్టి డబ్బు పంపకముందే వచ్చే డాక్టరు పేరు, రాష్ట్ర వెటర్నరీ కౌన్సిల్ నంబరు, వాడే మందు పేరు మెసేజ్‌లో రాయించుకోండి. నసిగితే ఫోన్ పెట్టేయండి. తెలిసిన డాక్టరు లేకపోతే నారాయణగూడ ప్రభుత్వ పశువైద్యశాల ఉంది, రాజేంద్రనగర్‌లో వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి ఉంది.

ఎప్పుడు అన్నది తేలక కొట్టుకుంటున్నవాళ్లకు ఒక మాట. అమెరికా వెటర్నరీ డాక్టరు ఆలిస్ విల్లలోబోస్ 2004లో ఒక కొలత తయారుచేశారు. నొప్పి, తిండి, నీళ్లు, శుభ్రత, సంతోషం, నడక, చెడ్డరోజుల కంటే మంచిరోజులు ఎక్కువున్నాయా అన్నది, ఒక్కోదానికి బాగుంటే ఎక్కువ, బాలేకపోతే తక్కువగా పదికి ఇన్ని అని మార్కులు వేయాలి. డెబ్బైకి 35 దాటితే ఇంకా చూసుకోవచ్చని లెక్క. మా డాక్టరు గారు అమ్మచేత, నాచేత విడివిడిగా వేయించారు. ఇద్దరివీ 35 లోపే వచ్చాయి. అమ్మ వేసినవి నాకంటే తక్కువ.

దహనానికి ఫతుల్లాగూడలో జీహెచ్‌ఎంసీ పెట్టిన పెంపుడు జంతువుల శ్మశానవాటిక ఉంది, ముందే ఫోన్ చేసి వెళ్లండి. మా మూడు వేలు ఇంకా వెనక్కి రాలేదు. పేమెంట్ స్క్రీన్‌షాట్, చాట్ జతచేసి 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టాను. మీకూ ఇలా జరిగి ఉంటే అక్కడే మీ ఫిర్యాదు కూడా నమోదు చేయండి.