మా శాఖా గ్రంథాలయం: రాబోయే కార్యక్రమాలు, చదవదగిన పుస్తకాలు

హైదరాబాద్‌లో మా ఇంటి నుంచి నడిచి వెళ్లగలిగినంత దూరంలో ఉన్న శాఖా గ్రంథాలయానికి నేను ఆరేళ్లుగా వెళ్తున్నాను. అక్కడ నాకు అన్నిటికన్నా నచ్చినది పత్రికల బల్ల పక్కనున్న నల్లబల్ల. దాని ఎడమ సగంలో రాబోయే కార్యక్రమాలను, కుడి సగంలో ఆ నెల చదవదగిన పుస్తకాలను గ్రంథపాలకురాలు స్వయంగా సుద్దముక్కతో రాస్తారు. ప్రతి పుస్తకం కింద అది ఏ బీరువాలో, ఏ అరలో ఉందో కూడా రాస్తారు కనుక, కళ్లద్దాలు సవరించుకుంటూ వెతుక్కునే పెద్దలకు ఆ ఒక్క వరుస ఎంతో మేలు చేస్తుంది.

నవంబరు 14 నుంచి 20 వరకు జరిగే జాతీయ గ్రంథాలయ వారోత్సవాల్లో పిల్లల కథాపఠనం, వక్తృత్వ పోటీ, పాత పత్రికల ప్రదర్శన ఉంటాయని ఈసారి రాశారు. పుస్తకాల్లో వట్టికోట ఆళ్వారుస్వామి నవల ‘ప్రజల మనిషి’ మొదట ఉంది. తెలంగాణలో గ్రంథాలయోద్యమానికి పాటుపడి, దేశోద్ధారక గ్రంథమాల నడిపిన రచయితను ఈ సందర్భానికి ఎంచుకోవడం ఎంతో ఉచితం. రెండోది సురవరం ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’. 1955లో తెలుగుకు తొలి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం తెచ్చిన ఈ గ్రంథం రాజుల యుద్ధాలకన్నా జనం తిండి, బట్ట, ఆటపాటల గురించే ఎక్కువగా చెబుతుంది కాబట్టి, చరిత్ర అంటే జంకే విద్యార్థులకు దీన్నే ముందు ఇవ్వాలని నా అభిప్రాయం. అయితే ఉన్నది ఒక్కటే ప్రతి, అదీ అట్ట ఊడి, దారంతో కట్టి ఉంది.

కార్యక్రమాల్లో ఎక్కువ భాగం పగటిపూటే పెట్టడం వల్ల ఉద్యోగస్థులు రాలేకపోతున్నారు. సాయంత్రం 6 గంటల తర్వాత ఒక్కటైనా జరపమని, ఆ పుస్తకానికి మరో ప్రతి తెప్పించమని సలహాల పుస్తకంలో రాసి వచ్చాను.